గవర్రాజు చేతిలో గాలి పంపు

నేను ఒక గాలి పంపుని. కరెంటు పెడితే గుయ్యిమనే రకం కాదు. ఇత్తడి గొట్టం, కర్రపిడి, పాదాలతో తొక్కిపట్టడానికి రెండు ఇనప రెక్కలు, పక్కన మూరెడు రబ్బరు ట్యూబు, లోపల కొబ్బరినూనెలో నానిన తోలు వాషరు. అంతే నేను. మనుషులు తమ లోపల ఆత్మ ఉందంటారు. నా లోపల ఉన్నది గాలే. కాకపోతే లోపలున్నది కాసేపు బిగబట్టుకుని, ఆ తర్వాత పక్కవాడికి ఇచ్చెయ్యడం ఎంత పనో నాకు తెలుసు. ఆ పని చెయ్యగలిగిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు పోలాకి గవర్రాజు.

ఎక్కడో ఉత్తరాదిన, వందమంది తమ్ముళ్లతో కలిసి ఒకే పూట పుట్టి, గడ్డి చుట్టిన చెక్కపెట్టెలో పడుకుని ఆమదాలవలస స్టేషన్లో దిగాను. స్టేషను బయట అప్పలస్వామి సైకిలు షాపు నా మొదటి కొలువు. అక్కడ నేను మనిషిని కింద నుంచి చదివాను. ఒకడి సైకిలు చక్రంలో గాలి తీసేసినవాడే, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి "పంచరా మావా, అయ్యో పాపం" అంటూ నా పిడి అందుకునేవాడు. గాలి తీసేటప్పుడు ఎంత ఉత్సాహమో, కొట్టేటప్పుడూ అంతే ఉత్సాహం. మంచీ చెడ్డా వేరే వేరే మనుషుల్లో ఉండవని నాకు అక్కడే తెలిసింది.

గవర్రాజు కాలేజీ నుంచి వస్తూ రోజూ షాపు ముందు ఆగేవాడు. సైకిలు ఉండేది కాదు, చంకలో బంతి ఉండేది. నా ట్యూబు చివర సన్నటి సూది బిగించి, దాన్ని నాలుకమీద తడిపి, బంతి కన్నంలోకి దించేవాడు. పొడిసూది గుచ్చితే లోపలి బ్లాడరు చిరుగుతుంది. ఈ సంగతి అప్పలస్వామికి కూడా తెలియదు. నాలుగు పోట్లు కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, చాలనుకుంటే ఆపేసేవాడు. జొన్నకంకి పాలు పట్టిందో లేదో రైతు నొక్కి చూసినట్టుండేది ఆ చూడటం.

కలకత్తాలో ఒక రెండో డివిజను ఫుట్‌బాల్ క్లబ్బు పిలిస్తే, వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చాడు. అప్పలస్వామి నన్ను తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఏటి మావా, ఇది నాకెందుకు?" అన్నాడు గవర్రాజు.

"నువ్వు గోలు కొట్టగా నాను సూడనేదు. గాలి బాగా కొడతావు. అక్కడికెల్లి అదైనా కొట్టు" అన్నాడు అప్పలస్వామి.

అలా మొదలైంది మా దేశాటనం. కలకత్తాలో మూడేళ్లు, గోవాలో రెండు, మళ్లీ కలకత్తాలోనే ఇంకో క్లబ్బు, మలబారులో నాలుగు, హైదరాబాదులో ఒకటిన్నర, బొంబాయిలో ఒక వానాకాలం. పదిహేనేళ్లలో ఆరు జెర్సీలు మార్చాడు. ఏ క్లబ్బూ పొమ్మనలేదు, ఏ క్లబ్బూ ఉండమని బతిమాలలేదు. మైదానం మధ్యలో ఆడేవాడి గతే అంత. వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు ఇవ్వాలి. పెళ్లిలో వడ్డించేవాడు ఎంతమంది కడుపు నింపినా ఫొటోలో ఉండడు గదా. మొత్తం జీవితంలో గవర్రాజు నాలుగు గోలులు కొట్టాడు. అందులో ఒకటి సొంత గోలులోకే వెళ్లింది. ఏ ఆట గెలిచినా మర్నాడు పేపర్లో గోలు కొట్టినవాళ్ల పేర్లు వేసి, "తదితరులు చక్కగా ఆడారు" అని రాసేవాళ్లు. గవర్రాజు ఆ ముక్క కత్తిరించి భార్యకు పంపేవాడు, తదితరుల కింద గీత గీసి.

ఆవిడ పేరు నూకరత్నం. ఆమె జవాబులు కూడా నాకు తెలుసు, ఎందుకంటే సంచిలో నా పక్కనే ఉండేవి. "తదితరులు గారికి నమస్కారం. ఇక్కడ గేదె ఈనింది. తదితరులు ఎప్పుడొస్తారు?" అని ఉండేది ఒకదాన్లో.

ఏ ఊళ్లో దిగినా ముందు నన్ను బయటికి తీసేవాడు. ఆటకు ముందు బంతులన్నీ నొక్కి చూసేవాడు. బెంగాలీలు నవ్వారు, మలయాళీలు నవ్వారు, బొంబాయి వాళ్లకు నవ్వే తీరికా లేదు. కానీ నెల తిరిగేసరికి ప్రతి క్లబ్బులోనూ ఎవడో ఒకడు తన బంతి పట్టుకొచ్చి, "రాజూ, ఒకసారి చూసిపెట్టు" అనేవాడు. గొప్ప ఆటగాడని ఎవరూ అనలేదు గానీ, అతను ఉన్న రోజున ఆట కుదురుగా సాగుతుందని మాత్రం అందరూ ఒప్పుకునేవారు.

ముప్పై మూడో ఏట కుడి మోకాలు ఇక చాలంది. ఇంటికొచ్చాడు. నూకరత్నం ఆయన్ని, మోకాలిని, నన్ను వరసగా చూసి, "ముగ్గురూ ఒకేపాలి రిటైరైపోనారా? గేదెలకి గడ్డి కోసీవోడు ఒక్కడూ నేడు, రండి" అంది.

రెండేళ్లు గడ్డి కోశాడు. అప్పుడు విజయనగరం వైపు ఒక జనపనార మిల్లు వాళ్లు కబురు పెట్టారు. మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు కావాలట. వెళితే సంగతి తెలిసింది. ఎనిమిది జట్ల లీగులో మిల్లు జట్టు అట్టడుగున ఉంది. పై డివిజను నుంచి జారిపోతే జట్టును ఎత్తేస్తామని యాజమాన్యం కాగితం మీద రాసిచ్చింది. మిల్లులో పద్దెనిమిదిమంది కుర్రాళ్లు ఉదయం జనపనార పీకి, సాయంత్రం ఆడేవాళ్లు. వాళ్లకి ఆ సాయంత్రమే బతుకు. అది పోతే మిగిలేది దుమ్మూ దగ్గూ.

"మిమ్మల్నే ఎందుకు పిలిచామంటే," అన్నాడు మిల్లు ఆఫీసరు, "పేరున్నవాళ్లెవరూ రామన్నారు."

గవర్రాజు ఆ మాటకు నొచ్చుకోలేదు. పేరు లేకపోవడంలో ఆయనకు పదిహేనేళ్ల అనుభవం.

వారం తిరక్కుండానే జబ్బు ఎక్కడుందో కనిపెట్టాడు. జట్టులో ఆట తెలిసినవాళ్లు ఇద్దరే. మధ్యలో ఆడే కూర్మారావు, ముందు ఆడే ముఖలింగం. కూర్మారావు బంతి ఇస్తే ముఖలింగం గోలు కొడతాడు. అంత తేలిక. కానీ కూర్మారావు ఇవ్వడు. ముఖలింగం అడగడు. కూర్మారావు మధ్యలో అడ్డమొచ్చిన వాళ్లందరికీ ఇస్తాడు గానీ, ఖాళీగా నిలబడ్డ ముఖలింగానికి మాత్రం ఇవ్వడు.

కారణం ఏమిటని జట్టు కెప్టెన్ సోములును అడిగాడు గవర్రాజు.

"బావ బావమరుదులు సార్" అన్నాడు సోములు, అంతా చెప్పేసినట్టు.

అసలు జరిగిందేమిటంటే, కూర్మారావు చెల్లెలు పార్వతిని ముఖలింగానికి ఇచ్చారు. పెళ్లయిన రాత్రి అలకపాన్పు వేశారు. పెళ్లికొడుకు మంచమెక్కి అలిగి కూర్చోవడం, ఏదో ఒకటి కోరడం, అత్తవారు ఇచ్చి దింపడం ఆచారం. వాచీ అడుగుతాడనుకున్నారు, సిద్ధంగా ఉంచారు. ముఖలింగం గోడవైపు తిరిగి కూర్చుని, "బావమరిది ఏసుకునే పదో నంబరు జెర్సీ కావాల" అన్నాడు.

పందిట్లో సగంమంది నవ్వారు. ఆడేవాళ్లు మాత్రం నవ్వలేదు. పదో నంబరంటే జట్టులో ఆట నడిపేవాడి నంబరు. కూర్మారావు మొహం కందగడ్డ అయింది. "ఒంట్లో కండ అడిగితే కోసిత్తాను గాని నంబరు ఎలాగిత్తానురా" అన్నాడు. వాళ్లమ్మ, "గుడ్డముక్కే గదా, ఇచ్చీరా" అని బతిమాలింది. ఇవ్వలేదు. తెల్లారేదాకా ముఖలింగం మంచం దిగలేదు. చివరికి వంటశాల నుంచి పులిహోర వాసనొస్తే దిగాడు గానీ, "కడుపు దిగింది, అలక దిగనేదు" అని అందరికీ వినబడేలా చెప్పి మరీ తిన్నాడు. పోనీ ఇచ్చేద్దామని తర్వాత కూర్మారావు మెత్తబడ్డా, సీజను మధ్యలో నంబర్లు మార్చకూడదని లీగు నియమం. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటా లేదు, పాసూ లేదు.

గవర్రాజు వాళ్లను మందలించలేదు. నన్ను తెచ్చి మైదానం అంచున నిలబెట్టాడు. "రోజూ ఆటకు ముందు ఎనిమిది బంతులు. మీరిద్దరే నింపాలి. ఒకడు బంతి పట్టాలి, ఒకడు పంపు కొట్టాలి. సూది తడపడం మర్చిపోకండి."

ఈ పని ఒక్కడివల్ల అయ్యేది కాదు. పట్టినవాడు కదిలితే సూది వంకరపోతుంది. కొట్టినవాడు తొందరపడితే బంతి ఎగిరిపడుతుంది. మొదటివారం వాళ్లు నా పిడిమీదే కక్ష తీర్చుకున్నారు. ముఖలింగం కొడితే నా గొట్టం సెగలు కక్కేది. కూర్మారావు బంతిని పాముపిల్లను పట్టినట్టు దూరంగా పట్టేవాడు. పదోరోజున కూర్మారావు నోటి నుంచి మొదటి మాట వచ్చింది.

"మెల్లగ."

అది తనతోనా, నాతోనా అని ముఖలింగం కాసేపు ఆలోచించి, మెల్లగా కొట్టాడు.

మూడోవారానికి, "ఇది సాలా?" "ఇంకొక్క పోటు" దాకా వచ్చారు. మైదానంలో మాత్రం పాస్ లేదు. అయినా జట్టు కాస్త తేరుకుంది. మూడు ఆటలు గెలిచింది, రెండు సమం చేసింది. చివరి ఆటకు లెక్క తేలిపోయింది. విశాఖలో సాగర్ యూనియన్ వాళ్ల సొంత మైదానంలో గెలవాలి. గెలిస్తే జట్టు ఉంటుంది. సమమైనా ఉండదు.

ఆ రోజు మైదానం నిండిపోయింది. గవర్రాజు నన్ను చేతికర్రలా పట్టుకుని గీత అంచున నిలబడ్డాడు. మేనేజరుగా ఆయనకు ఒకటే లోపం. ఆట వదిలేశాడు గానీ కాలు వదల్లేదు. లోపల ఎవరు బంతి తన్నినా బయట ఆయన కాలు కదిలేది. సగం ఆట అయ్యేసరికి గీత పక్కన గడ్డంతా ఆయన పాదాల కింద నలిగిపోయింది.

గోలులేవీ కాలేదు. ఇంకా పాతిక నిమిషాల ఆట ఉంది. అప్పుడు బంతి ఎవడి కాలికో తగిలి, మెల్లగా దొర్లుకుంటూ మా వైపు వచ్చింది. ఇంకా గీత దాటలేదు. జానెడు లోపలే ఉంది. దాన్ని చూసి గవర్రాజు ఏమీ ఆలోచించలేదు. పదిహేనేళ్ల అలవాటు ఆలోచిస్తుందా? ఎడమకాలితో బంతిని ఆపి, తల ఎత్తి, కుడి మోకాలు చచ్చినా సరే అన్నట్టు ముప్పై గజాల దూరాన ఖాళీగా ఉన్న ముఖలింగం కాళ్లముందు పెట్టాడు. ఆయన జీవితంలో అంత అందమైన పాస్ నేను చూడలేదు. ముఖలింగం నేరుగా గోలులోకి కొట్టేశాడు. మా కుర్రాళ్లు గంతులేశారు. గవర్రాజు కూడా నన్ను పైకెత్తి ఒక గంతు వేశాడు.

దిగేసరికి రిఫరీ ముందున్నాడు.

"ఏమండీ, మీరు జట్టులో ఉన్నారా?"

"లేనండీ."

"మరి ఆ పాస్ ఎవరిదండీ?"

గవర్రాజు బంతివైపు, తన కాలివైపు చూసుకున్నాడు. "నాదేనండీ," అన్నాడు. "బాగుందాండీ?"

"చాలా బాగుంది. గోలు చెల్లదు. తమరు బయటికి దయచెయ్యండి."

గేటు బయట, గోడవారన గౌరమ్మ బజ్జీల బండి. ఇరవయ్యేళ్లుగా అక్కడే ఉందట. ఇరవయ్యేళ్లలో ఒక్క ఆటా చూడలేదట. గోడ మనిషిన్నర ఎత్తు. గవర్రాజు మోకాలితో ఎక్కలేడు. బోర్లించిన డబ్బామీద కూలబడ్డాడు.

"గెంటీసినారా బావూ?" అంది గౌరమ్మ, పచ్చికట్టెల పొయ్యి ఊదుకుంటూ. "ఏటి, రిఫరీని కొట్టీసినావా?"

"బంతి తన్నేనమ్మా."

"బంతి తన్నినందుకు గెంటీసినారా? ఇంక అక్కడ ఏటి సేత్తారు మరి?" అని, నావైపు చూసింది. "ఆ గొట్టం ఇటియ్యి. ఈ పొయ్యి పొగ తప్ప మంట రాదు."

గవర్రాజుకు చేతుల్లో ఏదో పని ఉండాలి. తనే నన్ను నిలబెట్టి, నా ట్యూబు పొయ్యిలోకి తిప్పి కొట్టడం మొదలెట్టాడు. చక్రాలకు గాలిచ్చాను, బంతులకు ఇచ్చాను. పొయ్యికి ఇవ్వడం అదే మొదలు. మంట భగ్గుమంది.

అంతలో లోపల్నుంచి పెద్ద కేక, ఆ వెనకే డప్పులు.

"నువ్వు తినీసినావు బావూ" అంది గౌరమ్మ. "ఒక గోలు."

"ఎలా తెలుసు?"

"ఈ ఊరోళ్లు గోలు కొడితే లోపలే గెంతుతారు, నా కాడికి ఒక్కడూ రాడు. ఆల్లే గోలు తిన్నారనుకో, ఆకలేత్తాది. గేటుకాడికి వొచ్చీసి బజ్జీలడుగుతారు. నాను ఎప్పుడూ బయటోళ్లే గెలవాలని మొక్కుతాను."

గవర్రాజు కొట్టే వేగం పెరిగింది. నా గొట్టం కాలిపోతోంది. బాణలిలో బజ్జీలు గోధుమరంగు దాటి నలుపుకు తిరిగాయి. "మెల్లగ బావూ, మెల్లగ" అంటోంది గౌరమ్మ. ఆయనకు వినబడితే గదా.

లోపల చప్పుడు ఆగిపోయింది. గేటు దగ్గర ముగ్గురు కనబడ్డారు, మొహాలు వేలాడేసుకుని. "నాలుగు మిరపకాయ బజ్జీలియ్యి గౌరమ్మప్పా."

గవర్రాజు లేచి, "స్కోరెంతండీ?" అనబోయాడు. గౌరమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"అడక్కు. ఓడినోడి ఆకలి సూడాల గాని స్కోరు అడక్కూడదు. సమం అయ్యుంటాది. కూకో."

కూర్చున్నాడు. కొట్టాడు. ఎంతసేపు కొట్టాడో నాకు తెలియదు. ఒక పోటుకు నా లోపల తోలు వాషరు చిటుక్కున చీలింది. ట్యూబు కొస అప్పటికే కరిగి పొయ్యిరాయికి అంటుకుంది. ఆ తర్వాత ఆయన కొట్టినదంతా ఉత్తదే. నాలో ఊపిరి లేదని ఆయనకు తెలియనూ తెలియదు.

ఉన్నట్టుండి గేటు తలుపు బార్లా తెరుచుకుంది. ఇరవైమంది, ముప్పైమంది. అందరూ నేలచూపులు, అందరికీ ఆకలి. "ఆరు వెయ్యి." "నాకు డజను." "ఉల్లిపాయ ఎక్కువెయ్యి." గౌరమ్మ చేతులు రెండూ చాలక, మొహమంతా పళ్లు చేసుకుని గవర్రాజును చూసింది. ఆ తర్వాతెప్పుడో లోపల చివరి ఈల వినబడింది.

మా కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు పడుతూ గేటు దాటి వచ్చారు. అందరూ ఒకేసారి చెప్పబోతే గవర్రాజు సోములును చెప్పమన్నాడు.

"మొదటిది కూర్మన్న ఇచ్చినాడు, లింగం బావ కొట్టీసినాడు సార్."

"ఇచ్చాడా?"

"ఇచ్చినాను సార్" అన్నాడు కూర్మారావు, కాలి బొటనవేలితో మట్టి గీస్తూ. "మీరు పెట్టిన పాసు సూసేక సిగ్గేసింది. మోకాలు నేని పెద్దమడిసి బయట్నుంచి ఇచ్చినాడు, లోపలుండి నానేటి సేత్తన్నాను అనిపించింది."

"మరి రెండోది?"

సోములు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"గోలుకీపరు పడిపోనాడు సార్" అన్నాడు ముఖలింగం నెమ్మదిగా. "గోలు ఖాళీ. బంతి నా కాడుంది. ఈడు నాకొకటి ఇచ్చినాడు గదా, నాను ఈడికి ఒకటి ఇవ్వొద్దా? నువ్వు కొట్టరా అని ఇచ్చినాను."

"నువ్వే కొట్టు బావా అని నాను మళ్లీ ఇచ్చినాను" అన్నాడు కూర్మారావు.

"ఎన్నిసార్లు?" అన్నాడు గవర్రాజు.

"ఐదో, ఆరో. ఈలోగా ఆల్ల డిఫెండరు పరుగెత్తుకొచ్చి, ఇద్దరి మజ్జెలో కాలు పెట్టీసి, ఆల్ల గోల్లోకే ఆడే తన్నీసినాడు."

గవర్రాజు రెండు చేతుల్తోనూ తల పట్టుకున్నాడు. ఖాళీ గోలు ముందు, జట్టు బతుకు పణంగా పెట్టి, విందులో వియ్యంకుల్లా మొహమాటపడ్డారు. "నేను లోపలుంటే మిమ్మల్ని చంపేసేవాణ్ణి" అన్నాడు.

"అందుకే గదా సార్ ఇచ్చుకున్నాం," అన్నాడు ముఖలింగం. "మీరు ఉండుంటే బయపడి గోలు కొట్టీసీవోళ్లం."

"ఒక్కడైనా నాకోసం గీతవైపు చూశాడా?"

కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నేదు సార్" అన్నాడు సోములు, అబద్ధం చెప్పలేక. "టైము నేకపోనాది."

గవర్రాజు నవ్వడం మొదలెట్టాడు. డబ్బామీద నుంచి జారి, గోడకు వీపు ఆనించి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మేనేజరును ఇంతకంటే పొగిడే మాట ఆయన ఎక్కడా విని ఉండడు. నన్ను పొయ్యి దగ్గర్నుంచి లాక్కుని మోకాళ్లమీద పెట్టుకున్నాడు. నన్ను నిమిరి, పిడి ఒకసారి లాగి చూశాడు. లోపల ఏమీ లేదు. అప్పుడు తెలిసింది ఆయనకు. ట్యూబు కొస పట్టుకుని కాసేపు చూసి, "నువ్వూ నాలాగే" అన్నాడు మెల్లగా. ఆ మాటలో దుఃఖం లేదు. నాకూ లేదు. రేపటి బంతులు నింపుకోవడానికి వాళ్లకు చేతులున్నాయి, కొత్త పంపు బజారులో ఉంది.

గౌరమ్మ పళ్లెం నిండా మాడిన బజ్జీలు తెచ్చి మధ్యలో పెట్టింది. "ఇయ్యి మీ సారు మాడ్సినియ్యే. మీరే తినీయాల" అంది. పద్దెనిమిదిమంది చుట్టూ కూర్చుని, నాలుకలు నల్లబడేదాకా తిన్నారు. చివరికి ఒక్క బజ్జీ మిగిలింది.

"నువ్వు తిను బావా" అన్నాడు కూర్మారావు.

"నువ్వే తినరా" అన్నాడు ముఖలింగం.

పళ్లెం అటు వెళ్లింది, ఇటు వచ్చింది, మళ్లీ అటు వెళ్లింది. మూడోసారి వస్తుండగా గవర్రాజు చెయ్యి చాచి, మధ్యలో అందుకుని, నోట్లో వేసుకున్నాడు.